ఫీజు ఎవరు కట్టారు? యుద్ధంలో చదువు ఆగిన పిల్లల కథ

(మా ఊరి శాఖా గ్రంథాలయంలో, పూర్వ విద్యార్థుల సంఘం విద్యానిధి ప్రారంభం రోజున ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు చదువుకుంటారని రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాను చప్పుడులో నా మాట వినపడకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి.

సంఘంవాళ్ళు మా ఇంటికొచ్చి, "మేడమ్, నిధి మొదలుపెడుతున్నాం, చదువు విలువ గురించి ఓ అరగంట మాట్లాడండి" అన్నారు. చదువు విలువ మీకు నేను చెప్పాలా? మెడలో గొలుసు తాకట్టుపెట్టి పిల్లల్ని చదివిస్తున్న ఊరు మనది. అందుకని నేను దాని గురించి మాట్లాడను. డబ్బు గురించి మాట్లాడతాను. యుద్ధం వచ్చి, కాలేజీలో చదువుకుంటున్న పిల్లల్ని ఉన్నపళంగా లేపేస్తే వాళ్ళ ఫీజు ఎవరు కట్టారు? ఎక్కణ్ణుంచి తెచ్చి కట్టారు? కట్టినందుకు బదులుగా ఏం అడిగారు? ఈ మూడు ప్రశ్నలూ మనసులో పెట్టుకుని వినండి. నేను చెప్పబోయేది అమెరికాలో జరిగిన కథ. మనకి సంబంధం ఏమిటో మధ్యలో మీకే తెలుస్తుంది.

1941 డిసెంబరు 7న జపాన్ పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసింది. అమెరికా యుద్ధంలో దిగింది. అప్పటికి అమెరికా పడమటి తీరంలో, కాలిఫోర్నియా, ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో, జపాన్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు లక్షకి పైగా జనం ఉన్నారు. కూరగాయలు పండించేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, చిన్న చిన్న దుకాణాలవాళ్ళు. తల్లిదండ్రుల్ని ఇస్సే అంటారు, అంటే మొదటి తరం. అమెరికాలో పుట్టిన పిల్లల్ని నిసే అంటారు, రెండో తరం. ఆ పిల్లలు పుట్టుకతోనే అమెరికా పౌరులు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. వాళ్ళు శత్రుదేశం పిల్లలు కాదు, ఆ దేశం పిల్లలే.

1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. దాని నంబరు 9066. ఆ ఉత్తర్వు చేతిలో పెట్టుకుని సైన్యం పడమటి తీరం నుంచి దాదాపు 1,20,000 మందిని ఖాళీ చేయించింది. వాళ్ళలో మూడింట రెండొంతులమంది పౌరులు. నేరం లేదు, విచారణ లేదు. చేత్తో మోసుకెళ్ళగలిగినంతే తెచ్చుకోమన్నారు. పియానోలు, ఫ్రిజ్‌లు, ట్రక్కులు కారుచౌకగా అమ్ముకున్నారు. కొందరిని మొదట గుర్రప్పందాల మైదానాల్లో పెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర టాన్‌ఫొరాన్, లాస్ ఏంజెలెస్ దగ్గర శాంటా అనీటా. నిన్నటిదాకా గుర్రాలు కట్టిన సాలల్లో గోడకి వెల్లవేసి, మంచాలు వేసి, ఒక్కో కుటుంబాన్ని దింపారు. ఆ తరవాత దూరంగా కట్టిన ముళ్ళకంచె క్యాంపులకి తరలించారు. వెల్ల వేస్తే వాసన పోతుందా? ఎండెక్కేసరికి ఆ పేడకంపు మళ్ళీ పైకి లేచేది. ఆ సాలలో కూర్చుని ఒక కుర్రాడు కెమిస్ట్రీ పుస్తకం తెరిచాడనుకోండి. అతనికి ఇంకా రెండు నెలల్లో డిగ్రీ పరీక్ష.

అలాంటి కాలేజీ పిల్లలు సుమారు 2,500 మంది ఉన్నారు. బర్క్‌లీలో, సియాటిల్‌లో, లాస్ ఏంజెలెస్‌లో. సెమిస్టరు మధ్యలో పుస్తకాలు మూటకట్టుకుని వెళ్ళిపోయారు. కొందరు ప్రొఫెసర్లు మంచివాళ్ళు, పరీక్ష పేపర్లు పోస్టులో పంపి రాయించుకున్నారు. పట్టా ఇంటికి కాదు, క్యాంపుకి వచ్చింది.

హార్వీ ఇటానో అనే కుర్రాడి సంగతి చెప్తాను. బర్క్‌లీ యూనివర్సిటీలో 1942 బ్యాచికంతటికీ ప్రథముడు, యూనివర్సిటీ బంగారు పతకం అతనిదే. పట్టభద్రుల సభ రోజున వేదిక మీదికి రావలసినవాడు రాలేదు. శాక్రమెంటో దగ్గర ముళ్ళకంచె వెనక ఉన్నాడు. అప్పుడు యూనివర్సిటీ అధ్యక్షుడు రాబర్ట్ స్ప్రౌల్ సభలో నిలబడి, హార్వీ ఇటానో ఈరోజు మన మధ్య ఉండలేకపోయాడు, అతని దేశం అతన్ని మరోచోటికి పిలిచింది అన్నాడు. క్లాసులో ఈ మాట చెప్పిన ప్రతిసారీ నా గొంతు పట్టేసేది. మెచ్చుకుంటున్నాడా, సిగ్గుపడుతున్నాడా, నిరసన చెబుతున్నాడా? మూడూ ఉన్నాయి అందులో అని నాకనిపిస్తుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. ఎవరు కట్టారు? ఎవరు కట్టాలి, మీరే చెప్పండి? లేపేసినవాడే కట్టాలి. న్యాయం అంతేకదా. స్ప్రౌల్ లాంటి యూనివర్సిటీ పెద్దలు, కాలిఫోర్నియా గవర్నరు ఓల్సన్, రాజధాని వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వానికి రాశారు. ఈ పిల్లల్ని లోపలి రాష్ట్రాల కాలేజీల్లో చేర్పించాలి, సాయం చెయ్యండని. ప్రభుత్వం ఏమంది? మంచి ఆలోచన, కానివ్వండి, డబ్బు మాత్రం అడక్కండి అన్న ధోరణిలో తేల్చింది. మా అబ్బాయి యుద్ధానికి వెళ్ళాడు, మీరేమో జపాన్‌వాళ్ళ పిల్లల్ని మా పన్నులతో చదివిస్తారా అని జనం తిరగబడతారని భయం. క్యాంపుల్ని నడపడానికి పెట్టిన సంస్థకి తొలి డైరెక్టరు మిల్టన్ ఐసెన్‌హోవర్, తరవాత అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్‌కి తమ్ముడు. ఆయన 1942 మే 5న క్లారెన్స్ పికెట్ అనే ఆయనకి ఉత్తరం రాశాడు, ఈ పని మీరు తలకెత్తుకోండి అని. పికెట్ ఎవరు? అమెరికన్ ఫ్రెండ్స్ సర్వీస్ కమిటీ, అంటే క్వేకర్ల సేవాసంస్థ, దాని కార్యదర్శి. క్వేకర్లంటే యుద్ధమే వద్దనే క్రైస్తవ శాఖ. చూశారా, యుద్ధం చేస్తున్న ప్రభుత్వం తన బాధ్యతని యుద్ధం వద్దనేవాళ్ళ చేతిలో పెట్టింది.

ఆ నెలాఖరున, మే 29న, షికాగోలో కాలేజీల పెద్దలు, చర్చిల పెద్దలు కూర్చుని జాతీయ జపనీస్ అమెరికన్ విద్యార్థి పునరావాస మండలి పెట్టుకున్నారు. పేరు పెద్దది, నేను మండలి అంటాను. ఆఫీసు ఫిలడెల్ఫియాలో. స్వార్త్‌మోర్ కాలేజీ అధ్యక్షుడు జాన్ నాసన్ దానికి ఛైర్మన్‌గా ఉన్నాడు.

వాళ్ళ పని ఎంత పీచులాగుడో చెప్పాలి. ఒక విద్యార్థి క్యాంపు గేటు దాటాలంటే ఏం కావాలి? ఒక కాలేజీ సీటివ్వాలి. ఆ కాలేజీ సైన్యానికి, నౌకాదళానికి అభ్యంతరం లేనిది అయ్యుండాలి. యుద్ధ పరిశోధన జరిగే పెద్ద యూనివర్సిటీలన్నీ మొదట్లో కొట్టేశారు. ఎఫ్‌బీఐ పరిశీలన అవ్వాలి. ఆ ఊరి అధికారి ఎవరైనా, మా ఊళ్ళో ఈ విద్యార్థికి గొడవేమీ ఉండదని కాగితం రాసివ్వాలి. చిట్టచివర, కనీసం ఏడాదికి సరిపడా డబ్బు చేతిలో ఉందని చూపించాలి.

ఊరి కాగితం ఎందుకు అడిగారంటే, అంతకుముందు ఒకటి జరిగింది. ఐడహో యూనివర్సిటీ ఆరుగురు నిసే విద్యార్థులకి సీట్లిచ్చి, తీరా వాళ్ళు బయల్దేరాక ఊళ్ళో గోల మొదలైతే కాదంది. వాళ్ళలో ఇద్దరు అమ్మాయిలు. మూక వస్తుందేమోనని రక్షణ కోసం ఆ ఇద్దర్నీ జైల్లో పడుకోబెట్టారు. చదువుకోవడానికి వచ్చిన ఆడపిల్లలమ్మా, మొదటిరాత్రి జైలు గదిలో. మన పిల్లని హాస్టల్లో దింపి బస్సెక్కిన రాత్రి మనకే నిద్రపట్టదు. ఆ తల్లులు క్యాంపులో ఎలా పడుకున్నారో.

సరే, డబ్బు. ఏడాదికి సరిపడా చూపించాలన్నారు కదా. వాళ్ళ దగ్గర ఉందా?

లెక్క చూద్దాం. క్యాంపులో పనిచేస్తే జీతం నెలకి 12, 16, 19 డాలర్లు. మూడే మెట్లు. 19 ఎవరికి? డాక్టర్లకి, అలాంటి పెద్ద చదువులవాళ్ళకి. మామూలు పనివాళ్ళకి 16. ఏడాదంతా ఒక్క సెంటు ఖర్చుపెట్టకుండా దాస్తే 192 డాలర్లు. ఫీజు, గది, భోజనం, పుస్తకాలు అన్నీ కలిపితే దానితో ఏడాది ఎక్కడ గడుస్తుంది? మరి పాత పొదుపులేవీ లేవా అంటారా? చాలామంది ఇస్సేలు జపాన్ బ్యాంకుల అమెరికా శాఖల్లో దాచుకున్నారు. యోకోహామా స్పీషీ బ్యాంకు అని ఒకటి. యుద్ధం మొదలవ్వగానే ప్రభుత్వం ఆ శాఖల్ని మూసి డబ్బు స్తంభింపజేసింది. ఆ డిపాజిట్ల కోసం వాళ్ళు కోర్టులచుట్టూ తిరిగి తిరిగి, ఒక కేసు అమెరికా సుప్రీంకోర్టులో తేలింది ఎప్పుడనుకుంటున్నారు? 1967లో. పిల్ల కాలేజీకని దాచుకున్న డబ్బు మనవరాలు కాలేజీకెళ్ళే రోజులకి.

అంటే ఏమైంది? ఇంట్లోంచి లేపారు, బ్యాంకులో డబ్బు ఆపారు, నెలకి 16 డాలర్ల పనిలో పెట్టారు, ఆ తరవాత ఏడాది ఖర్చు చూపిస్తేనే గేటు తీస్తామన్నారు. ఒకచోట కాదు, అన్నిచోట్లా దారి మూసేశారు.

అయినా ఆ గేటు తెరిపించారు. మండలి పనిచేసిన నాలుగేళ్ళలో, 1942 నుంచి 46 దాకా, సుమారు 4,000 మంది పిల్లలు 600కి పైగా కాలేజీల్లో చేరారు. అదెలాగ? ఇక్కణ్ణుంచి జాగ్రత్తగా వినండి. మన నిధికి పనికొచ్చేది ఇదే.

చర్చిలు ఇచ్చాయి. మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్లు, బాప్టిస్టులు తమతమ సభల నుంచి స్కాలర్‌షిప్‌లు పెట్టారు. కొన్ని కాలేజీలు ఫీజు తగ్గించాయి. కొన్ని ఫౌండేషన్లు ఆఫీసు ఖర్చు భరించాయి. ఇవన్నీ పెద్ద చేతులు. వీటి గురించి ఇంతకంటే చెప్పను.

నేను ఆగి చెప్పాలనుకున్నది ప్రపంచ విద్యార్థి సేవానిధి గురించి. వరల్డ్ స్టూడెంట్ సర్వీస్ ఫండ్. ఇది ఎలా పుట్టిందో తెలుసా? 1937లో జపాన్ చైనా మీద పడింది. బీజింగ్, టియాన్‌జిన్ యూనివర్సిటీలు చెల్లాచెదురైపోయాయి. పెకింగ్, చింగ్‌హువా, నాన్‌కాయ్, మూడు యూనివర్సిటీలు కలిసి ముందు చాంగ్‌షాకి, అక్కడా బాంబులు పడేసరికి నైరుతి మూలనున్న కున్‌మింగ్‌కి తరలిపోయాయి. దాదాపు 300 మంది విద్యార్థులు, కొందరు మాస్టార్లు 68 రోజులు ప్రయాణం చేసి వెళ్ళారు. అందులో ఎక్కువ భాగం కాలినడకే. 1938లో. చైనా ప్రభుత్వం చేతనైనంతలో ఆ పిల్లలకి తిండికి అప్పులిచ్చింది, దాని మంచితనం దానికుంది. కానీ ధరలు పెరిగి పెరిగి ఆ అప్పు రూకలు చేతిలోనే కరిగిపోయేవి. రాత్రి చదువుకోవడానికి దీపం లేక టీ కొట్లలో ఒక టీ చెప్పి గంటలు గంటలు కూర్చునేవాళ్ళు. అలాంటి చైనా విద్యార్థుల కోసం అమెరికా కాలేజీల్లో పిల్లలు డబ్బు పోగుచెయ్యడం మొదలుపెట్టారు. తరవాత యూరప్‌లో యుద్ధం వస్తే అక్కడి శరణార్థి విద్యార్థుల్ని, యుద్ధఖైదీలుగా ఉన్న విద్యార్థుల్ని కూడా కలిపారు.

1942 తరవాత అదే నిధి నుంచి నిసే విద్యార్థులకి కూడా ఇచ్చారు.

ఈ మాట నేను మళ్ళీ చెప్తాను. అదే నిధి. జపాన్ సైన్యం తరిమితే కొండలెక్కి పారిపోయిన చైనా కుర్రాడికి, జపాన్ ముఖం ఉందని కంచె వెనక పెట్టిన అమెరికా కుర్రాడికి, ఒకే హుండీ. హాస్టలు మెస్సు దగ్గర నిలబడి నాణేలడిగిన ఆ అమెరికా విద్యార్థులు ఎలా ఆలోచించారో చూడండి. ఏ వైపువాడని అడగలేదు. చదువు ఆగిందా లేదా అని అడిగారు. అప్పుడు దేశమంతా జపాన్ అంటే పళ్ళు కొరుకుతోంది. పోస్టర్లలో వాళ్ళని కోతుల్లా, ఎలకల్లా గీస్తున్నారు. ఆ వేడిలో పద్దెనిమిది, ఇరవయ్యేళ్ళ పిల్లలకి ఆ తెలివిడి ఉంది. బాబూ, మొదటి వరసలో డిగ్రీ పిల్లలున్నారు, మీకే చెప్తున్నాను. ఇది పెద్దవాళ్ళ ఆలోచన కాదు, మీ వయసువాళ్ళది.

ఇంకెవరు ఇచ్చారు? క్యాంపుల్లో ఉన్నవాళ్ళే ఇచ్చారు. ఊటా ఎడారిలో టోపాజ్ అని ఒక క్యాంపు ఉంది. దుమ్ము లేచిందంటే పక్క బ్యారక్ కనపడదు. అక్కడివాళ్ళు, ఇంకా కొన్ని క్యాంపులవాళ్ళు, తమలో తాము పోగేసుకుని స్కాలర్‌షిప్ నిధి పెట్టుకున్నారు. నెలకి 16 డాలర్ల వంటమనిషి, 12 డాలర్ల కుర్రకూలీ. తమ పిల్లలు కాకపోయినా సరే. ఎవరో ఒకరు బయటికెళ్ళి చదువుకోవాలి. మన ఊళ్ళలో పెళ్ళికి చదివింపులు రాయించినట్టు, తలా కొంచెం. నేను ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పాను, దాతల పేర్లు శిలాఫలకాల మీద చాలా చదివాను. వీళ్ళ పేర్లు ఏ శిలమీదా లేవు.

పిల్లలు కూడా తమ ఖర్చు తాము భరించారు. చాలామంది ఎవరింట్లోనో గిన్నెలు తోమి, పిల్లల్ని చూసుకుని, దానికి బదులు ఒక గదీ, భోజనమూ తీసుకుని కాలేజీకి వెళ్ళారు. పొద్దున్న ఫిజిక్సు, సాయంత్రం గిన్నెలు.

ఒక్కచోట మాత్రం ప్రభుత్వం కట్టింది. అదీ చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. 1943లో క్యాడెట్ నర్స్ కోర్ అని పెట్టారు. యుద్ధానికి నర్సులు చాలడంలేదు. నర్సింగులో చేరితే ఫీజు, బట్టలు, నెలకి చేతిఖర్చు అన్నీ ప్రభుత్వమే ఇస్తుంది. జాతి చూసి కాదనకూడదని చట్టంలోనే రాశారు. నిసే అమ్మాయిలు 300 మందికి పైగా అందులో చేరి నర్సులయ్యారు. అవసరం తనదైనప్పుడు డబ్బూ దొరికింది, భయమూ పోయింది.

మన సంగతి ఏమిటని మీలో కొందరు అనుకుంటున్నారు, నాకు కనిపిస్తోంది. వస్తున్నాను.

2022 ఫిబ్రవరి 24 గుర్తుందా? రష్యా యుక్రెయిన్ మీద దాడికి దిగింది. అక్కడ మెడిసిన్ చదివే మన పిల్లలు వేలమంది. మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్ళు ఎంతమందో. మా వీధిలో ఒకబ్బాయి ఖార్కివ్‌లో నాలుగో ఏడాదిలో ఉన్నాడు. మార్చి 2న మన ఎంబసీ వెంటనే ఖార్కివ్ వదలండి, బండి దొరక్కపోతే నడిచైనా సరే పిసోచిన్‌కో, బబాయ్‌కో, బెజ్‌లుదీవ్కాకో చేరుకోండి అని ప్రకటన ఇచ్చింది. ఆ అబ్బాయి మంచులో నడిచాడు. అమ్మ ఇక్కడ ఫోను పట్టుకుని మెట్లమీద కూర్చుంది, రెండు రోజులు అన్నం ముట్టలేదు. ప్రభుత్వం ఆపరేషన్ గంగ కింద విమానాలు పంపి పిల్లల్ని తెచ్చింది. సుమారు 22,500 మంది భారతీయులు యుక్రెయిన్ నుంచి తిరిగొచ్చారు. టికెట్టుకి పైసా అడగలేదు. గొప్ప పని, చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

మరి ఆ తరవాత? వాడు దిగాడు, దండలు వేశారు, ఫోటోలు తీశారు. మూడో నెల బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది, ఎడ్యుకేషన్ లోను వడ్డీ కట్టమని. చదువేమో ఆగింది, వడ్డీ ఆగలేదు. ఇక్కడి కాలేజీల్లో సర్దమంటే నిబంధనలు ఒప్పుకోవన్నారు. 2022 సెప్టెంబరులో వేరే దేశాల్లో చదువు పూర్తిచేసుకోవచ్చని మెడికల్ కమిషన్ దారిచ్చింది. చివరి ఏడాది పిల్లలకి 2023లో సుప్రీంకోర్టు ద్వారా పరీక్ష రాసే అవకాశం దొరికింది. మధ్యలో ఉన్నవాళ్ళు మళ్ళీ జార్జియా అనీ, ఉజ్బెకిస్తాన్ అనీ, కొత్త ఫీజులు కట్టుకుని వెళ్ళారు. ఆ కొత్త ఫీజు ఎవరు కట్టారు? మా వీధిలో ఆ తల్లి గొలుసు అప్పటికే తాకట్టులో ఉంది. ఈసారి గాజులు వెళ్ళాయి.

బాంబుల్లోంచి తీసుకురావడం ఒక పని, చదువులోకి తిరిగి పంపడం ఇంకో పని. మొదటిది టీవీలో వస్తుంది. రెండోది ఎవరూ చూడరు. రెండోదాని కోసం కూర్చున్న మనుషులే ఆ ఫిలడెల్ఫియా ఆఫీసు. ఒక్కో విద్యార్థికి ఒక్కో ఫైలు. వాడి మార్కులేమిటి, వాడికెంత తక్కువపడుతోంది, ఎక్కడ గది దొరుకుతుంది, రైలు దిగేసరికి స్టేషన్‌కి ఎవరొస్తారు. ఆ ఆఖరి ప్రశ్న చూడండి. ఫీజు కట్టినా, స్టేషన్‌లో తెలిసిన ముఖం లేకపోతే పందొమ్మిదేళ్ళ పిల్ల ఎక్కడికి పోతుంది?

అయితే మండలి చేసిందంతా నాకు నచ్చిందని కాదు. మూడో ప్రశ్న ఉంది కదా, బదులుగా ఏం అడిగారు? రెండు విషయాల్లో నాకు బాధ ఉంది.

ఒకటి, ఎంపిక. డబ్బు తక్కువ, సీట్లు తక్కువ కాబట్టి మంచి మార్కులు, మంచి నడవడిక ఉన్నవాళ్ళని ముందు పంపారు. వాళ్ళ తర్కం నాకు అర్థమవుతుంది. మొదట వెళ్ళినవాడు బాగా చదివితే వెనకవాడికి తలుపు తెరుచుకుంటుందని. కానీ అందర్నీ ఒకేలా లేపేశారు కదా. లేపేటప్పుడు మార్కులు చూశారా? ఫస్టు క్లాసువాణ్ణీ లేపారు, థర్డు క్లాసువాణ్ణీ లేపారు. సాయం చేసేటప్పుడు మాత్రం మార్కులు చూశారు. ముక్కుతూ మూలుగుతూ పాసయ్యే పిల్లవాడు క్యాంపులోనే ఉండిపోయాడు.

రెండోది, వాళ్ళ నెత్తిన పెట్టిన బరువు. మీరు మీ జాతికి రాయబారులు అని చెప్పి పంపారు. మీరు ఎలా ఉంటారో చూసి అమెరికా మీవాళ్ళందరి గురించీ నిర్ణయించుకుంటుంది. నలుగురైదుగురు ఒకచోట గుంపుగా తిరక్కండి. నవ్వుతూ ఉండండి. కృతజ్ఞతగా ఉండండి. అమ్మా, ఆ పిల్లలకి కోపం రావాల్సిన వయసు అది, కోపం రావాల్సిన కారణమూ ఉంది. నాన్న మంచం గుర్రపుసాలలో ఉంది. అయినా డార్మిటరీలో నవ్వుతూ ఉండాలి. పరీక్ష తప్పితే తను తప్పినట్టు కాదు, లక్షమంది తప్పినట్టు. ఈ టెన్షన్‌తో చదివారు వాళ్ళు. వాళ్ళలో ఒకరు ఓబర్లిన్ కాలేజీలో చేరిన కొద్దికాలానికే విద్యార్థి సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. పత్రికల్లో పెద్ద వార్త అయింది. అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకుంటాను. కానీ అధ్యక్షుడు కాకపోయినా అతనికి చదువుకునే హక్కు ఉంది.

హార్వీ ఇటానో ఏమయ్యాడు అని అడుగుతారని తెలుసు. 1942 జులైలో ట్యూల్‌లేక్ క్యాంపు నుంచి బయటపడి సెయింట్ లూయిస్‌లో మెడిసిన్ చేరాడు. క్యాంపులు దాటి చదువుకి వెళ్ళిన తొలి విద్యార్థుల్లో ఒకడు. డాక్టరయ్యాక కాలిఫోర్నియాలో కాల్టెక్ అనే సైన్సు విద్యాసంస్థలో, రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ దగ్గర పరిశోధనకి చేరాడు. 1949లో వాళ్ళు ఒక పత్రం ప్రచురించారు. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బున్నవాళ్ళ హిమోగ్లోబిన్ని కరెంటు క్షేత్రంలో పెడితే మామూలు హిమోగ్లోబిన్‌కి భిన్నంగా కదులుతుంది, అంటే ఆ జబ్బు ఒక అణువులోని తేడా అని తేల్చారు. ఒక జబ్బు మూలం అణువులో ఉందని అలా చూపించడం అదే మొదలు. పాడేరు, అరకు ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా ఇక్కడ? ఆ... చెయ్యెత్తారు. మీకు నేను చెప్పక్కర్లేదు సికిల్ సెల్ అంటే ఏమిటో. అటు ఆదిలాబాద్ గూడేల్లో కూడా ఉంది. కీళ్ళనొప్పులతో మెలికలు తిరిగిపోయే పిల్లల్ని మీరు చూసే ఉంటారు. ఈనాటికీ ఆ జబ్బుని నిర్ధారించే పరీక్షల్లో ఎలెక్ట్రోఫొరెసిస్ ఒకటి. హిమోగ్లోబిన్ ఎంత దూరం కదిలిందో చూడటమే.

ఇది చెప్పి, చూశారా, సాయం చేస్తే ఎంత ఫలితమో అంటానని అనుకున్నారేమో. అనను. ఇటానో ఏమీ కనిపెట్టకపోయినా, ఏదో ఊళ్ళో చిన్న క్లినిక్కు పెట్టుకుని దగ్గు మందు రాసిచ్చేవాడైనా, అతన్ని ఆ కంచె వెనకనుంచి బయటికి తేవడం సరైన పనే. మన కమిటీ కూడా ఏ పిల్లనీ "నువ్వు పెద్దయ్యి మా ఊరికి పేరు తేవాలి" అని అడగకూడదని నా మనవి.

ప్రభుత్వం బాకీ ఎప్పుడు తీర్చింది? 1988లో చట్టం చేసి, క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లు ఇచ్చింది. 46 ఏళ్ళ తరవాత. అప్పటికి ఇస్సే తరం చాలామంది పోయారు. వాషింగ్టన్ యూనివర్సిటీ 2008లో, కాలిఫోర్నియా యూనివర్సిటీ 2009లో, ఆనాడు చదువు మధ్యలో పోగొట్టుకున్నవాళ్ళకి గౌరవ పట్టాలు ప్రకటించాయి. ఎనభై దాటిన వాళ్ళు నల్లగౌను వేసుకుని వచ్చారు. కొందరి తరఫున మనవలు వచ్చి పుచ్చుకున్నారు.

ఆ విద్యార్థులు ఏం చేశారో అది నాకు ఇంకా ఇష్టం. 1980లో, అంటే ప్రభుత్వం క్షమాపణ చెప్పకముందే, పరిహారం పైసా రాకముందే, తూర్పు తీరంలో స్థిరపడ్డ కొందరు పాత నిసే విద్యార్థులు కలిసి ఒక నిధి పెట్టారు. తమని కాలేజీకి పంపినవాళ్ళ గుర్తుగా. ఎవరికిచ్చారు? తమ మనవలకి కాదు. అప్పుడే వియత్నాం, కంబోడియా, లావోస్ నుంచి యుద్ధంలో అన్నీ పోగొట్టుకుని అమెరికా వచ్చిన శరణార్థుల పిల్లలకి. వాళ్ళకీ వీళ్ళకీ చుట్టరికం లేదు, భాష కలవదు. యుద్ధంలో చదువు ఆగిందా లేదా, అంతే. కాలేజీ మెస్సు దగ్గర హుండీ పట్టుకున్న ఆ పిల్లలు అడిగిన ప్రశ్నే.

టైమయిందని సెక్రటరీగారు చూస్తున్నారు. ముగిస్తాను. కమిటీవాళ్ళకి రెండు మూడు విన్నపాలు. ఏమీ అనుకోవద్దు.

డబ్బు జూన్‌లో ఫీజు గడువుకి ముందే అందాలి. ఆగస్టు పదిహేనున జెండా కింద ఇస్తామని ఆపకండి. ఈలోపు ఆ తల్లి వడ్డీకి తెస్తుంది. ఫీజు కాకుండా కొంత మొత్తం విడిగా ఉంచండి. హాస్టలు అడ్వాన్సు, రైలు టికెట్టు, ఒక బకెట్టు, ఒక దుప్పటి, మొదటి నెల మెస్సు. చేరిన ఊళ్ళో మన పూర్వ విద్యార్థి ఎవరైనా ఉంటే స్టేషన్‌కి వెళ్ళమనండి. హైదరాబాద్‌లో, విశాఖలో మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, అది ఖర్చులేని పని.

ఫ్లెక్సీ వద్దు. నా మాట విని ఫ్లెక్సీ వద్దు. పెద్ద చెక్కు అట్టముక్క పట్టుకుని ఆ పిల్లని మధ్యలో నిలబెట్టి ఫోటో తీసి సెంటర్లో కట్టకండి. ఆ పిల్ల రోజూ ఆ సెంటర్లోంచే బస్సెక్కాలి.

ఇంకొకటి, దరఖాస్తు ఫారంలో "సాయం పొందడానికి మీరు ఎందుకు అర్హులు" అని ఒక గడి పెట్టారు. అది తీసెయ్యండి. "ఎంత తక్కువపడుతోంది, ఎప్పటికి కావాలి" అని రెండు గడులు చాలు. నేను ఒక పేజీలో నమూనా రాసి తెచ్చాను, కళ్ళజోడు సరిచేసుకుని చూసుకోండి, అక్షరాలు చిన్నవి. మార్చాల్సినవి ఉంటే నాతో చెప్పండి.

ఇంక మీరు అడగండి. ఆ పాడేరు అబ్బాయి ఏదో అడగాలనుకుంటున్నాడు. చెప్పు నాన్నా.